ఆగుదాం గారి మొదటి గంట

మా బావ మొదటి గంటను నమ్మడు. ఏ మొదటి గంటైనా సరే, దాన్ని లెక్కలోంచి కొట్టేస్తాడు. ఎవరేం చెప్పినా, ఏం జరిగినా, ముందు "ఆగుదాం" అంటాడు. అందుకే మా కంపెనీలో అందరూ ఆయన్ని ఆగుదాం గారనే పిలుస్తారు. అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకు మాత్రమే తెలుసు.

ఈ జబ్బు ఆయనకు చేసే పని వల్ల అంటుకుంది. మాది మందుల కంపెనీ. నేను సీసాలూ మూతలూ కొనే విభాగంలో ఉంటాను, బావ ప్రయోగశాలలో గింజలు తయారుచేస్తాడు. వాటి ముందు గసగసాలు గుమ్మడికాయలతో సమానం. ఆ గింజల్లో మందు నింపి సూదితో ఒంట్లోకి ఎక్కిస్తే, నెల పొడుగునా కొంచెం కొంచెంగా వదలాలి. రోజూ సూది పొడిపించుకునే బాధ రోగికి తప్పుతుంది. కానీ గింజ పైపైన అంటుకున్న మందుకు అంత ఓపికెక్కడిది? తడి తగలగానే గుప్పుమని బయటికొచ్చేస్తుంది. లోపలున్నది మాత్రం ఆ తర్వాత నింపాదిగా వస్తుంది. ఆ మొదటి గంట గుప్పును అణచడానికే మా బావ జుట్టంతా ఊడగొట్టుకున్నాడు.

ఆ జుట్టుతో పాటు లోకజ్ఞానం కూడా పోయిందని మా అక్క అభిప్రాయం. "మనుషులూ అంతేనోయ్," అంటాడు బావ. "ముందు వచ్చేదంతా పైన అంటుకున్న సరుకు. అది రాలిపోనీ, లోపలిది రానీ."

పెళ్లి మాటలప్పుడే ఈ సిద్ధాంతం బయటపడింది. మా అక్క లోపలి గదిలోంచి ఇల్లెగిరిపోయేలా అరిచింది. "ఈ మనిషి ఊఁ అనేసరికి నాకు తల నెరుస్తుంది! నాకొద్దు బాబోయ్!" ముందుగదిలో కూర్చున్న బావకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. ఆయన మా నాన్నతో, "మీ అమ్మాయి పైపైనదే చెప్పిందండి. లోపలిది వచ్చాక కబురు చెయ్యండి," అని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే కబురు మా అక్కే చేయించింది. ఇప్పుడడిగితే ఒప్పుకోదనుకోండి.

సినిమాకు తీసుకెళ్తే ఆట మొదలైన గంటకు గాని హాల్లోకి అడుగుపెట్టనివ్వడు. "ఎవరు మంచివాడో ఎవరు చెడ్డవాడో తెలీకుండా చూస్తే ఏం లాభమండీ?" అని అక్క మొత్తుకుంటుంది. "చివర్లో ఎవడు తన్నులు తింటే వాడే చెడ్డవాడు," అంటాడాయన. ఒకసారి పొయ్యిమీద పాలు పొంగుతుంటే పక్కనే నిలబడి, "పొంగనీ, పైపైనదే," అన్నాడు. ఆ రోజంతా అక్క పొయ్యి కడుగుతూనే ఉంది, ఆయన్ని కడుగుతూనే ఉంది.

నేనుండేది అక్కావాళ్లింట్లోనే. మా స్నానాలగదిలోంచి నీళ్లు కారుతున్నాయని కింది వాటా లాయరు ఒకరోజు చిందులు తొక్కుతూ వచ్చాడు.

"కోర్టుకీడుస్తాను! మిమ్మల్నీ, మీ గొట్టాన్నీ!"

బావ కుర్చీ జరిపాడు. "కూర్చుని అరవండి. కాళ్లు నొప్పులు పుడతాయి."

"నా సోఫా నాశనమైపోయింది!"

"కానివ్వండి, కానివ్వండి."

లాయరు అరిచి అరిచి మంచినీళ్లు తాగాడు. మళ్లీ కాసేపు అరిచాడు. చివరికి గొంతు దిగిపోయి, "అసలు సంగతేంటంటేనండీ... మా ఆవిడ అలిగి పుట్టింటికెళ్లింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు," అన్నాడు. అక్క కంచం పెట్టింది. మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. గొట్టం మర్నాడు బాగుచేయించాం.

ఇలాంటి మనిషి దగ్గరికి టపాకాయ వచ్చి చేరింది. కొత్తగా వచ్చిన అమ్మాయికి మేం పెట్టుకున్న పేరది. పని చూస్తే బంగారం, నోరు చూస్తే నిప్పు. ఇంట్లో జీతం తెచ్చేది తనొక్కతే, మంచానపడ్డ తల్లి ఉంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ వారంలోనే డైరెక్టరు గారు తేల్చాలి.

డైరెక్టరు గారి గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాటనలేదు. కోపమొస్తే నవ్వుతాడు, లోపల దాచుకుంటాడు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా, క్రమం తప్పకుండా వదులుతాడు. ఒకసారి ఆయన చొక్కామీద కాఫీ ఒలకబోసిన గుమాస్తా, ఏడాది గడిచినా ఇంకా ఆ కాఫీకి ఫలితం అనుభవిస్తూనే ఉన్నాడు. మా బావ గింజలకు ఎంత నేర్పినా అబ్బని విద్య ఆయనకు పుట్టుకతోనే అబ్బింది.

ఆ రోజు సమావేశానికి సీసాల సంగతి చెప్పడానికి నన్నూ పిలిచారు. మర్నాడు గింజలు కొనడానికి పెద్దమనుషులు వస్తున్నారు. గింజ గంటగంటకూ ఎంత మందు వదులుతుందో వాళ్లకు చూపించే పటంలో గీత మొదట్లోనే కొండలా లేచి, ఆ తర్వాత బుద్ధిగా సాగుతోంది.

"ఈ కొండెందుకు? రెండో గంట నుంచి గీయండి," అన్నాడు డైరెక్టరు గారు.

టపాకాయ లేచింది. "అదెలా కుదురుతుంది సార్? మందు ఎక్కువై ప్రాణం మీదికి వచ్చేది ఆ గంటలోనే!"

డైరెక్టరు గారు తియ్యగా నవ్వాడు. "మీ ఆగుదాం గారే అంటారు కదమ్మా, మొదటి గంట లెక్కలోకి రాదని!"

అందరం బావ వైపు చూశాం. బావ బల్ల వైపు చూస్తున్నాడు.

"అయితే రోగికి చెప్పండి, మొదటి గంట తన ఒంట్లో ఉండొద్దని!" అంది టపాకాయ. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇది దొంగ లెక్క! మీకు సిగ్గనిపించట్లేదా?"

డైరెక్టరు గారి నవ్వు ఇంకాస్త పెద్దదైంది. "సరేనమ్మా. నీ సంగతి సాయంత్రం చూద్దాం."

అయిపోయింది, పిల్ల ఉద్యోగం గంగలో కలిసింది అనుకున్నాను. అప్పుడు బల్ల దబ్బుమంది. చూస్తే కొట్టింది మా బావ.

"నేను కొట్టెయ్యమన్నది మనుషుల నోటి మాటల్ని! మందుని కాదు!" అని అరిచాడు. ఆ గొంతు ఆయనదంటే నేనే నమ్మలేదు. అక్కడితో ఆగలేదు. డైరెక్టరు గారి ఆలోచన చెత్తన్నాడు. ఆయన టై చెత్తన్నాడు. "ఇన్నేళ్లూ మీ హాస్యానికి నవ్వింది భయంతో! ఒక్కటీ బాగోదు! ఒక్కటి కూడా!"

డైరెక్టరు గారి మొహం ఎర్రబడింది, నల్లబడింది. చివరికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన నోరు తెరిచాడు. అద్దాలు అదిరాయి. బావనీ, బావ గింజల్నీ, చివరికి నా సీసాల్నీ కూడా తిట్టాడు. బావ మెల్లగా కుర్చీ జరిపి, "కానివ్వండి," అన్నాడు.

అంతా అయ్యాక డైరెక్టరు గారు కూలబడి మంచినీళ్లు తాగాడు. జ్వరం దిగినవాడిలా తేలిగ్గా ఉన్నాడు. "సర్లెండి, ఆ మొదటి గంట కూడా పెట్టే తగలడండి," అన్నాడు. ఆ గింజలు చేయడం మా బావకు తప్ప ఇంకొకరికి రాదని ఆయనకూ తెలుసు. సాయంత్రం టపాకాయ ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన ముందుకొచ్చింది. సీసాల బిల్లుమీద సంతకానికని నేనూ అక్కడే ఉన్నాను.

"ఈ అమ్మాయి పొద్దున నన్నేదో అంది కదూ?" అని నన్నడిగాడు.

"నాకేం గుర్తులేదండీ," అన్నాను.

ఆయనకూ గుర్తు రాలేదు. సంతకం పెట్టేశాడు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "బావా, అంత కోపం ఎక్కడ దాచావు?"

"కోపమా? నాకెక్కడిదోయ్?" బావ గొంతు బొంగురుపోయింది. "ఆయన కోపం ఆ పిల్లమీద లోపల నిలవుంటే ఏళ్ల తరబడి కారుతుంది. పిల్ల తట్టుకోలేదు. అందుకని మొత్తం ఒక్కసారే నామీద కుమ్మరించేలా చేశాను. నాకేం, అలవాటేగా."

నాకాయన మీద ఎంత ప్రేమ పొంగిందంటే, నడివీధిలో కౌగిలించుకోబోయాను. "ఆగుదాం," అన్నాడు.

ఇంటికెళ్లేసరికి ఆ బొంగురు గొంతు కూడా పూర్తిగా మూగబోయింది. సంగతంతా నేనే చెప్పాను. అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇన్నేళ్లుగా నేనెంత అరిచినా తిరిగి ఒక్క మాటైనా అన్నారా? ఎవరో పిల్లకోసం గొంతు పోగొట్టుకుని వస్తారా? నేను పనికిరానా మీ అరుపుకి?"

బావ చేతులు కట్టుకుని వింటున్నాడు.

"ముందిది చెప్పండి. ఆ పిల్ల ఉద్యోగం ఉందా, ఊడిందా?"

ఉందని తలూపాడు.

అక్క వేడినీళ్లలో ఉప్పు కలిపి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "రేపు దాన్ని భోజనానికి తీసుకురండి. తల్లికి కూడా కట్టిస్తాను."

బావ ఏదో అనబోయాడు. గాలి తప్ప మాట రాలేదు.

"మీరు మాట్లాడకండి," అంది అక్క. "ఈ పూటకి మీ వంతు కూడా నేనే మాట్లాడతాను."

మాట నిలబెట్టుకుంది.