బల్ల ముందు వదిలిన మిరపపండ్ల బుట్ట

పక్కింటివాళ్లు మేడమీద పట్టా పరిచి కొత్త మిరపకాయలు ఆరబోశారు. ఆ ఘాటు కిటికీలోంచి వస్తే ఇంట్లో అందరూ తుమ్ముతారు, నాకు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. రొంపిచెర్ల చుట్టుపక్కల ఎత్తిన గొడ్డలి ముందు రెప్ప వాల్చకుండా నిలబడ్డ పిల్లాడు ఎవడైనా ఉన్నాడంటే అది నేనేనని మనవళ్లకు చెప్పీ చెప్పీ, చివరికి నేనే నమ్మేశాను.

ఆ రోజు మా గుడిలో, అదే చర్చిలో, కోతల పండుగ. రంగు కాగితాల తోరణాలు, ఆరీ ఆరని సున్నం వాసన, చాపల మీద ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు. ప్రార్థన బల్ల ముందు కంది కట్టలు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసినా అయ్యగారి ప్రార్థనకు అడ్డొచ్చే పెట్టకోళ్లు. మా నాయనమ్మ తొలికోత మిరపపండ్లు బుట్టనిండా నెత్తిన పెట్టుకుని వచ్చింది. అయ్యగారు కొండమీద ప్రభువు చెప్పిన మాట చదివారు. కానుక ఇవ్వబోయే వేళ, నీవల్ల నొచ్చుకున్న సహోదరుడు గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు పోయి అతనితో సమాధానపడమన్న మాట అది. ఏటా వినేదే కాబట్టి అందరూ ఆమెన్ అని ఊరుకున్నారు. నాయనమ్మ మాత్రం బుట్టను బల్ల ముందు దించి, అక్కనీ నన్నూ చెరో చేత్తో పట్టుకుని బయటికి నడిచింది.

ఎక్కడికో తెలుసు కాబట్టే నా కాళ్లు సాగలేదు. ఆమె తమ్ముడు యోసేపు తాత చేను మా చేను పక్కనే. అంతకు ముందు పంటకు, కాలవ నీళ్లు ఆయన వంతున్న రోజున మా నాన్న మా చేలోకి తిప్పుకున్నాడు. తాత మిరపతోట నిలువునా మాడిపోయింది. మా ఇంటి మనిషెవరైనా తన తడిక దాటితే కాళ్లు నరుకుతానని ఆయన నలుగురిలో అన్నాడు. మా పల్నాడులో ఆ మాట ఊరికే అనరు. వేరే ఊళ్లలో అలా అన్నాక జరిగినవి మేం పిల్లలం కూడా విని ఉన్నాం. అందుకే గుడిలో నాన్న లేవబోతే నాయనమ్మ కూర్చోమని సైగ చేసింది.

దారిలో పత్తికట్టె కుప్ప గాలికి గలగలమన్నా ఎవరో దూకబోతున్నట్టే అనిపించింది. "పిల్లకాయల ముందు చెయ్యెత్తడులే" అంది నాయనమ్మ, మాతోనో తనతోనో. మమ్మల్ని అడ్డం పెట్టుకుని పోతోందని అప్పుడర్థమైంది. ఇంకా భయమేసింది.

తాత వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. మమ్మల్ని చూసి గొడ్డలితో సహా లేచాడు.

"ఏంది, మీ వోడు పంపాడా?"

"వాడు పంపలా, నేనే వచ్చా. నీళ్లు తిప్పింది మావోడే. తెలిసి కూడా నోరు మూసుకున్నా. తప్పు నాది." అలా అని మట్టిలోనే కూలబడింది. తాత గొడ్డలి పైకెత్తాడు. నేను నాయనమ్మకు ముందుకొచ్చి ఆయన కళ్లలోకి సూటిగా చూశాను. గొడ్డలి దభీమని నేల మీద పడింది.

సరే, ఇక్కడ కొంచెం సాగదీశాను. ముందుకు రాలేదు, నాయనమ్మ వీపు వెనక మొహం దాచుకున్నాను. లాగు తడిసింది కూడా. కానీ ఆ దభీమన్న చప్పుడు మాత్రం నిజం. ఆ తర్వాత తాత గొంతు వినిపించింది: "లెగక్కా. పోయి నీ బుట్ట ఇచ్చుకో." ఆ మాటతో నాయనమ్మ ఏడ్చింది. మేం తిరిగొచ్చేసరికి ఆఖరి పాట అయిపోవస్తోంది. ఆమె బుట్టెత్తి అయ్యగారి చేతికిచ్చింది.

ఇప్పుడు ఆ గుడికి పాలరాతి నేల, పెద్ద పెద్ద స్పీకర్లు. బల్ల ముందు కోడి అరవదు, కంది కట్టల దుమ్ముకు ఎవరూ తుమ్మరు. కానుకలు కవర్లలో వస్తాయి, ఫోన్లలోనూ పోతాయి. కవరు వదిలిపెట్టి లేచిపోయిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నేనూ లేవలేదు.

ఇదంతా మా అక్కకు చదివి వినిపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అంది: "కళ్లు మూసుకున్నోడివి, నీకేం తెలుసురా? ఆయన గొడ్డలి ఎత్తనే లేదు. మన వెనకాల నాన్న మనుషుల్నేసుకుని వస్తన్నాడేమోనని దారెంక చూస్తా వణికిపోయాడు. ఆ వణుక్కే అది చేతిలోంచి జారిపోయింది. మనకన్నా ఆయనే చానా భయపడ్డాడు."