సున్నం గుర్తులు

జడ్చర్ల మునిసిపాలిటీలో నేను ఇంజినీరుగా ఉన్నప్పుడు మొక్కలు నాటే మాలి ఒకాయన ఉండేవాడు. ఎక్కడ నాటాలో అందరూ వానలు పడ్డాక చూసుకుంటే, ఆయన మాత్రం మే నెల మిట్టమధ్యాహ్నం చెప్పులు విప్పి రోడ్లమీద తిరిగేవాడు. పాదం మోపలేని చోటల్లా సున్నంతో గుర్తు పెట్టేవాడు.

“వానకాలంల అన్ని జాగలు సల్లగనే ఉంటయి సార్,” అనేవాడు.

ఒక ఏడు నేను మొక్కలన్నీ డివైడర్ మీదే వరసగా, చూడముచ్చటగా ఉండేలా ప్లాను గీశాను. ఆయన దానివంక చూడనైనా లేదు. మహబూబ్‌నగర్ బస్సు కోసం జనం ఎండలో నిలబడే చోటికి నన్ను తీసుకుపోయాడు. అంతకు ముందు వారమే అక్కడ ఒక అవ్వ వడదెబ్బ తగిలి పడిపోతే దవాఖానకు మోసుకుపోయారు.

“గీడ జర నిలవడుండ్రి.”

నిలబడ్డాను. “బాగానే ఉంది కదా,” అన్నాను.

“గది మీ బూట్ల మాట సార్. కాళ్లనడుగుండ్రి.”

విప్పాను. పది లెక్కపెట్టేలోపే పక్కకు గెంతాను. ఆ ఏడు వచ్చిన వేపమొక్కల్లో సగం అక్కడే నాటాం.

ఆయన రిటైరై చాన్నాళ్లయింది. మొన్న ఎండల్లో అదే చోట కనిపించాడు. బస్సు కోసం వచ్చినవాళ్లంతా వేపల కింద ఉన్నారు. ఆయనొక్కడే నీడ దాటి, చెప్పులు చేత్తో పట్టుకుని ఎండలో నిలబడ్డాడు.

“నీడకు రా కాకా,” అన్నాను.

“ఆడ పని అయిపోయింది సార్. గీడికింక నీడ రాలే.”

నేను వంగి బూట్ల లేసులు విప్పాను.