దేశం బదులు ఇంటిపేరు

మా బైబిలు అమ్మగారు పోయారు. ఆ కబురు గుంటూరు నుంచి వచ్చే మొదటి బస్సులో వచ్చింది. ఆసుపత్రిలో తెల్లవారుతుండగా కన్నుమూశారని వాళ్ళ బంధువులు కండక్టరుకు చెప్పి పంపారు. నేను పొయ్యి మీద ఎసరు పెట్టి ఉన్నాను. ఎసరు మరుగుతూనే ఉంది, బియ్యం చేట పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. కాసేపటికి మందిరం గంట ఆగి ఆగి మోగడం మొదలైంది.

ప్రత్తిపాడు చుట్టుపక్కల పేటల్లో ఆవిడను ఎరగని ఇల్లు లేదు. చదువు రాని ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం, జబ్బుపడిన వాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చేయడం, శుక్రవారం స్త్రీల కూడిక నడపడం ఆవిడ పని. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలవగా నేను వినలేదు.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. పెళ్ళై ఈ ఊరు వచ్చిన కొత్తలో నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. కూడికలో అందరి వెనక గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ముందుకు రమ్మని ఆవిడ ఎప్పుడూ అనలేదు. తానే బైబిలు తీసుకుని వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుని, ఏ వచనం చదవాలో వేలు పెట్టి చూపించేవారు. అలా చూపించగా చూపించగా నేను గుసగుసగానైనా చదవడం నేర్చుకున్నాను.

మిరప కోతల కాలంలో కూలి మానుకుని కూడికకు ఎవరొస్తారు? అప్పుడు ఆవిడే కల్లాల్లోకి వచ్చేవారు. మాతోపాటు కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ ప్రార్థన చేసేవారు. మిరప ఘాటుకు కళ్ళవెంట నీళ్ళు ధారగా కారేవి. దేశం కోసం ఎంత ఏడుస్తున్నారో అని ఎవరో జాలిపడితే, సగం ఏడుపు మిరపకాయలదే, మిగతా సగమే నాది అని నవ్వారు.

ఏ ప్రార్థన చేసినా చివర దేశాన్ని తలచుకోకుండా ఆమెన్ అనేవారు కాదు. ఈ దేశం సత్యానికి తిరిగి రావాలి, దేవుని మాటకు తిరిగి రావాలి అనేవారు. తన జనం తమను తగ్గించుకుని చెడు దారి విడిచి వస్తే వాళ్ళ దేశాన్ని బాగుచేస్తానని దేవుడు మాట ఇచ్చాడు కదా అనేవారు. అయితే ఆ వేలు ఎప్పుడూ బయటివాళ్ళ మీదకు పోలేదు. తూకం పెరగాలని కాయల మీద నీళ్ళు చల్లేవాడు మన మందిరంలో కూడా కూర్చుంటున్నాడు, సారా పోసినవాడికి ఓటు వేసేవాడు మన ప్రభువు బల్లలో రొట్టెకు కూడా చెయ్యి చాస్తున్నాడు, తిరగాల్సింది ముందు మనమే అనేవారు.

ఒక ఏడు ఎన్నికలొచ్చాయి. అప్పట్లో ఒక పార్టీని జనం పొట్టిగా దేశం అనే పిలిచేవాళ్ళు. మా బావగారు, అంటే మా ఆయన అన్న, ఆ పార్టీ. మా ఆయన పాత పార్టీ. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. దాని మీద అన్న తన పార్టీ గుర్తు వేస్తే తమ్ముడు సున్నం కొట్టేవాడు. సున్నం ఆరకముందే అన్న మళ్ళీ గుర్తు వేసేవాడు. మొదట్లో పేటంతా నవ్వింది. తర్వాత తర్వాత అన్నదమ్ములకు మాటలే లేకుండా పోయాయి. నేనూ మా తోటికోడలూ పంపు దగ్గర కూడా దొంగచాటుగా మాట్లాడుకునేవాళ్ళం.

ఒక శుక్రవారం కూడిక మా అరుగు మీద పెట్టుకున్నాం. అమ్మగారు ఎప్పటిలాగే, ప్రభువా దేశాన్ని లేవనెత్తు, దేశాన్ని నిలబెట్టు అని ప్రార్థించారు. గోడ అవతల నుంచి మా బావగారు గట్టిగా ఆమెన్ అన్నారు. అంతే, మా ఆయన లోపలి నుంచి వచ్చి, నా అరుగు మీద కూర్చుని వాళ్ళకు ప్రచారం చేస్తారా అని మండిపడ్డారు. ఇక ఇక్కడ కూడిక వద్దన్నారు. మాట పేటంతా పాకింది. పాత పార్టీ ఇళ్ళ ఆడవాళ్ళు రావడం మానేశారు. ఎన్నికలయ్యేదాకా దేశం మాట ఎత్తవద్దనీ, కావాలంటే రాష్ట్రం కోసం ప్రార్థన చేయమనీ సంఘ పెద్ద ఒకాయన ఆవిడకు సలహా కూడా ఇచ్చాడు.

మరుసటి శుక్రవారం ఆవిడ ఒక్కరే మా గుమ్మం దగ్గరికి వచ్చారు. మా ఆయన లేచి నిలబడ్డారు.

"ఏం అబ్బాయ్, నేను దేశం అంటే నీకు పార్టీ వినపడిందా?"

"ఊరంతటికీ అలాగే వినపడిందండి."

"సరే, ఆ మాట అననులే. మీ ఇంటిపేరు పెట్టి ప్రార్థన చేస్తాను. దానికైనా ఒప్పుకుంటావా?"

తన ఇంటిపేరు వద్దని ఎవరంటారు? ఆయన తల ఊపారు. ఆవిడ అరుగు మీద కూర్చుని, దేశం అనే చోటల్లా మా ఇంటిపేరు పెట్టి, అంతా అదే ప్రార్థన చేశారు. వీళ్ళను లేవనెత్తు, వీళ్ళను నిలబెట్టు, వీళ్ళు నీ దగ్గరికి తిరిగి రావాలి అన్నారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇంటిపేరు. ఈసారి గోడ అవతల నుంచి ఆమెన్ రాలేదు. తర్వాత ఆవిడ నా వైపు తిరిగి, నువ్వు ముగించమ్మా అన్నారు. అందరూ వినేలా నేను ప్రార్థన చేయడం అదే మొదలు. ఈ ఇంటిని తిప్పు ప్రభువా అని మాత్రం అనగలిగాను.

ఆ వచ్చే ఆదివారం ప్రభువు బల్ల. సొంతవాళ్ళతో మాటలు లేనివాళ్ళు బల్లకు ముందే లేచి వెళ్ళిపోవడం మా సంఘంలో అలవాటు. మా ఆయన లేచారు. అటువైపు నుంచి బావగారూ లేచారు. చెప్పులు విడిచే చోట ఇద్దరూ ఎదురుపడ్డారు. బావగారు నేల చూస్తూ, "ఏరా, ఇద్దరం బయటికి పోతే మన ఇంటిపేరువాడు లోపల ఎవడుంటాడు?" అన్నారు. మా ఆయన తిరిగి లోపలికి నడిచారు. బావగారు ఆయన వెనకే వచ్చి అదే చాప మీద కూర్చున్నారు. ఓట్లు మాత్రం ఎవరి పార్టీకి వాళ్ళు వేసుకున్నారు. దానికి అమ్మగారు ఏమీ అనుకోలేదు. నేను అడిగింది ఓటు కాదు కదమ్మా అన్నారు.

దేశం తిరగడమంటే ఎక్కడో ఢిల్లీలో జరిగే సంగతి అనుకునేదాన్ని. మనిషి గుమ్మం దాకా వెళ్ళి లోపలికి తిరగడమని నాకు ఆ రోజు తెలిసింది. ఆవిడ నాకు నేర్పిన దాంట్లో ఇంతకంటే పెద్దది లేదు.

ఆవిడను సమాధి చేసిన తర్వాత వచ్చిన శుక్రవారం మేము కల్లంలో ఉన్నాం. ఇక దేశం కోసం ప్రార్థన చేసేదెవరని మా తోటికోడలు దిగులుపడింది. నేనే మోకరించి మా ఇంటిపేరు చెప్పాను. నా పక్కామె తన ఇంటిపేరు చెప్పింది. ఆ పక్కామె, ఆ పక్కామె. మిరపకాయల రాశి చుట్టూ ఒక్కొక్క గొంతే లేస్తూ వచ్చింది. అప్పుడే ఆ కల్లం రైతుగారి భార్య మాకు మజ్జిగ తెచ్చింది. ఆవిడ పెదకాకాని శివుడి గుడికి వెళ్ళే మనిషి. ఏం చేస్తున్నారే అని మెల్లగా అడిగింది.

"దేశం కోసం ప్రార్థనండి. ఎవరి ఇంటిపేరు వాళ్ళు చెప్పుకుంటున్నాం" అన్నాను.

ఆవిడ మజ్జిగ బిందె దించి, పైట కొంగు తల మీదికి లాక్కుని, మా వరసలో ఖాళీగా ఉన్న చోట కూర్చుని, తన ఇంటిపేరు చెప్పింది.