పెళ్లికి పనికిరాని గొంతు

పొద్దున్నే ఎవరైనా కొత్త నంబరు నుంచి ఫోన్ చేసి, "పాటలు పాడే మేడమ్ గారేనాండీ?" అని గొంతు తగ్గించి అడిగితే చాలు, వాళ్లింట్లో ఎవరో పోయారని నాకు తెలిసిపోతుంది. పెళ్లివాళ్లు అలా మాట్లాడరు. పెళ్లివాళ్లు అసలు నాకు ఫోనే చెయ్యరు. పెళ్లికి పిలిస్తేనే వెళ్లాలి, చావుకు పిలవకపోయినా వెళ్లాలి అంటారు పెద్దలు. నా బతుకులో అది తిరగబడింది. చావులకు కారు పంపి మరీ పిలుస్తారు. పెళ్లికి వెళితే మాత్రం భోంచేసి వెళ్లమంటారే గాని, మైకు దగ్గరికి రానివ్వరు.

నేను సినిమా గాయనిని కాను. సొంతంగా పాటలు రాసుకుని, బాణీ కట్టుకుని, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడమీది గదిలో రికార్డు చేయించి యూట్యూబ్‌లో పెట్టుకునే రకం. మొదటి ఆల్బమ్ నిండా కుర్రతనం పాటలే. స్కూటీ మీద బెజవాడ తిరగడం, బ్యారేజీ మీద గాలి, ప్రేమించినవాణ్ని ఏడిపించడం. చివర్లో ఒక్క పాట మాత్రం వేరు. అది అమ్మమ్మ కోసం రాసింది.

గుణదలలో మా ఇంట్లో అందరికంటే ఆఖరున పడుకునేది అమ్మమ్మ. జపమాల చెప్పుకుని, తలుపులు చూసుకుని, వరండా లైటు ఆర్పి అప్పుడు మంచమెక్కేది. ఆవిడ పోయిన మర్నాడు తెల్లారి చూస్తే వరండాలో లైటు వెలుగుతూనే ఉంది. ఎవరికీ ఆర్పాలని తోచలేదు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు. "లైటు నేను ఆర్పుతాలే, నువ్వు పడుకో అమ్మమ్మా" అని ఆ రోజే రాశాను. ఆల్బమ్‌లో చోటు మిగిలింది కాబట్టి పెట్టాం.

మిగతా పాటలన్నీ మునిగాయి. ఆ ఒక్కటీ డెల్టా అంతా పాకింది. ముందు ఎవరో వాళ్ల నాయనమ్మ ఫోటోకు ఆ పాట కలిపి స్టేటస్ పెట్టుకున్నారు. తర్వాత శవాలను తీసుకెళ్లే బండ్లవాళ్లు పట్టుకున్నారు. అక్కణ్నుంచి సమాధుల తోటల్లో, హిందువుల ఇళ్లలో పెద్దకర్మ భోజనాల దగ్గర, కన్నీటి నివాళి ఫ్లెక్సీ కట్టిన ప్రతి వీధి మొగలోనూ నా గొంతే. పోయింది ముసలమ్మే కానక్కర్లేదు. పాతికేళ్ల కుర్రాణ్ని మోసుకెళుతూ కూడా "పడుకో అమ్మమ్మా" అనే పెట్టేవాళ్లు. పాటలో మాటలు ఎవరు వింటారు? గొంతు వింటారు.

గర్వపడ్డాను, ఎందుకు దాచాలి? గుణదల తిరునాళ్లలో ఆడవాళ్లు నన్ను గుర్తుపట్టి చేతులు పట్టుకునేవాళ్లు. సెల్ఫీకి నవ్వబోయి, మధ్యలోనే ఏడ్చేసేవాళ్లు. తర్వాత, వచ్చి స్వయంగా పాడమని అడగడం మొదలైంది. మా వాళ్లలో చావింటికి పిలిస్తే కాదనరు. పాడినందుకు ఏమీ తీసుకోరు కూడా. నేనూ కాదనలేదు. ఎక్కడెక్కడికో వెళ్లి పాడాను. అద్దం మూత ఉన్న ఫ్రీజర్ పెట్టె పక్కన నిలబెట్టేవాళ్లు. ఆ పెట్టె ఆగకుండా గుయ్‌మంటూ మోగుతుంటుంది. చావింట్లో హార్మోనియం ఎక్కడ దొరుకుతుంది? ఆ మోతనే శ్రుతిగా పట్టుకుని ఎత్తుకునేదాన్ని. కొన్నాళ్లకు ఇంట్లో మా ఫ్రిజ్ మోగినా ఆ పాటే నోట్లోకి వచ్చేది. మా అమ్మ విసుక్కునేది. "శుభమా అని వంట చేసుకుంటుంటే ఏంటే ఆ పాట!"

అప్పుడే చెల్లికి మైలవరం సంబంధం కుదిరింది. రెండో ఆల్బమ్ ఎప్పుడని అందరూ తినేస్తున్నారు. మ్యూజిక్ చేసే అతను, "అక్కా, ఇంకో ఏడుపు పాట కొడదాం. ఈసారి అమ్మ మీద" అన్నాడు.

"ఆ తర్వాత నాన్న మీద, బాబాయ్ మీద. చుట్టాలందర్నీ వరసపెట్టి చంపేద్దామా?" అన్నాను.

పంతం పట్టి మొత్తం పెళ్లిపాటలే చేశాను. వియ్యపురాళ్ల వేళాకోళం, పెళ్లికొడుకు బావమరుదుల గోల, అప్పగింతలప్పుడు కూడా నవ్వించే పాట. వాటన్నిటిలోకీ నాకిష్టమైంది చెల్లి కోసం రాసింది. చర్చి గుమ్మం దగ్గర్నుంచి పీఠం దాకా చెల్లి నాన్న చెయ్యి పట్టుకుని నడిచొస్తుంటే, పక్కన నిలబడి నేనే పాడాలని. "చెయ్యి చూపించవే చెల్లీ, గోరింటాకు ఎంత పండిందో" అని మొదలవుతుంది. చిన్నప్పుడు దాని చేతికి నేనే పెట్టేదాన్ని. ఆరేదాకా ఆగలేక గోడకు పూసేసేది. అది కూడా పాటలో ఉంది.

రికార్డింగ్ మాత్రం నరకం. నా గొంతులో ప్రతి పాదం చివరా చిన్న జీర పలుకుతుంది. మొదటి ఆల్బమ్‌లో జనం పడిపోయింది దానికే. "నవ్వుతూ పాడండి అక్కా" అనేవాడు అతను. పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ పాడాను. వింటే, ఎవరో ఏడుపు ఆపుకుని నవ్వుతున్నట్టుంది. కంప్యూటర్‌లో జీర తీసేశాడు. అప్పుడది నా గొంతులా లేదు, ప్రకటనల్లో అమ్మాయి గొంతులా ఉంది. చివరికి జీర ఉంచేశాం.

విడుదల చేసిన రోజు గోరింటాకు పాట కింద మొదటి కామెంటు: "మా నాన్నగారు గుర్తొచ్చారు అక్కా." దాని కింద దణ్ణం పెట్టే చేతులు. ఆ కింద ఇంకెవరో, "ఆత్మకు శాంతి కలగాలి." వీడియోలో పెళ్లికూతురు పకపకా నవ్వుతోంది, కింద జనం సంతాపాలు రాస్తున్నారు. మొదట నవ్వొచ్చింది. చదువుతూ పోయేకొద్దీ భయమేసింది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు పాటలు పంపాను, వాడుకోండి బాబూ అని. ఒకాయన మర్యాదగా చెప్పాడు. "పాట చాలా బావుందండీ. మీ గొంతు వినగానే పెళ్లికూతురు వాళ్లమ్మగారు ఆపెయ్యమన్నారండీ. శుభకార్యం కదండీ."

ఆల్బమ్ పోయింది. పోతే పోయింది, చెల్లి పెళ్లిలో పాడితే చాలనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

పెళ్లి దగ్గర పడ్డాక చెల్లికి కాబోయే అత్తగారు మైలవరం నుంచి వచ్చారు. నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నారు. పోట్లాటకు వచ్చిన మనిషైతే నేనూ పోట్లాడి ఉండేదాన్ని. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏమీ అనుకోకమ్మాయ్. మా ఆయన పోయినప్పుడు నీ పాటే పెట్టారు. ఇంటి దగ్గర్నుంచి సమాధి దాకా అదే. నీ గొంతు వింటే నాకు ఆయన పెట్టె కళ్లముందుకొస్తది. పిల్లాడి పెళ్లిలో నేను ఏడిస్తే బావుంటదా చెప్పు?"

"పర్లేదండీ అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ లేచి, గుమ్మం దగ్గర ఆగారు. "చెల్లి కోసం రాసిన ఆ పాట వినాలని లేక కాదమ్మా. పెళ్లయ్యాక ఎప్పుడన్నా మా ఇంటికొచ్చి నాకొక్కదానికి పాడు. తలుపేసుకుని ఏడిస్తే ఎవరికీ నష్టం లేదుగా."

ఆవిడ వెళ్లాక చెల్లి వచ్చింది. అది కూడా వద్దనే అంటుందని మొహం చూడగానే తెలిసింది. "నువ్వు పాడకపోతే నాకు పెళ్లిలానే ఉండదక్కా. కానీ ఆవిడ ఏడిస్తే ఎట్టా?" అంది. నాకు కోపం రాలేదు. కోపమొచ్చినా బావుండేది.

పెళ్లిలో కాయర్ వాళ్లు ఎప్పుడూ పాడే కీర్తనే పాడారు. చెల్లి నడిచొస్తుంటే నేను రెండో వరసలో కూర్చుని, పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుంటూ, పాట మొత్తం పెదాలు కదపకుండా లోపలే పాడుకున్నాను. దాని చేతులు ఎర్రగా పండాయి. నేను పెట్టిన గోరింటాకే.

అత్తగారి ఇంటికి వెళ్లి పాడటం ఇవాళ రేపని వాయిదా పడింది. మామిడి కోతలని ఒకసారి, నాకు జలుబని ఒకసారి. ఆ ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున చెల్లి ఫోన్ చేసింది. "అక్కా" అంది. గొంతు తగ్గించి పిలిచింది. నాకు తెలిసిపోయింది. వాళ్లత్తగారికి నిద్రలోనే గుండె ఆగిందట.

మైలవరం వెళ్లేసరికి హాల్లో ఫ్రీజర్ పెట్టె. దాని మోత. జనం నాకు దారి వదిలారు, ఎక్కడైనా వదిలినట్టే. మైకు చేతికిచ్చారు. అమ్మమ్మ పాట ఎత్తుకోబోతుంటే చెల్లి లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"అది కాదక్కా. నా పాట పాడు. ఆవిడ వింటానన్నారుగా."

"ఇక్కడా? పిచ్చిదానివా? పెళ్లిపాట."

"ఇంకెప్పుడు వింటారే?"

పాడాను. పెట్టె మోతే శ్రుతి. చెయ్యి చూపించవే చెల్లీ అంటుంటే మొదటి వరసలో ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడకు గోరింటాకు పూసిన చరణం వచ్చేసరికి గదిలో ఏడవనివాళ్లు లేరు. నన్ను పెళ్లిలో మైకు దగ్గరికి రానివ్వని చుట్టాలు కూడా వెక్కి వెక్కి ఏడ్చారు. ఎందుకు ఏడుస్తున్నారని ఎవరూ ఆలోచించలేదు. గొంతు తెలిసినదే, చోటు తెలిసినదే, ఇంకేం కావాలి? చెల్లి ఒక్కతే ఏడవలేదు. పాట అయ్యేదాకా అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

ఎవరో ఫోన్‌లో తీశారు. తర్వాత కథ చెప్పక్కర్లేదు. ఒక మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగాను. పక్కన బంతిపూల దండలు వేసిన శవం బండి ఆగి ఉంది. ఎవరో పెద్దాయన ఫోటో, బండి పైన స్పీకరు. "గోరింటాకు ఎంత పండిందో" అని నేను పాడుతున్నాను. ఆటోవాడు తల వంచి దణ్ణం పెట్టుకున్నాడు. నా రెండో ఆల్బమ్ అలా హిట్టయింది. మొదటిదానికంటే ఎక్కువే విన్నారని మ్యూజిక్ అతను సంబరంగా ఫోన్ చేశాడు. నేను పెట్టేశాను.

ఈమధ్య చెల్లి పురిటికి గుణదల వచ్చింది. ఆడపిల్ల. మొన్న మధ్యాహ్నం పాప గుక్కపట్టి ఏడుస్తుంటే తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టింది.

"ఒక్క ముక్క పాడవే అక్కా. నీ గొంతుకైతే ఇట్టే పడుకుంటుంది."

పాట గొంతుదాకా వచ్చింది. వంటగదిలో ఫ్రిజ్ మోగుతోంది. ఇన్నాళ్లూ నా ఎదురుగా కళ్లు మూసుకుని పడుకుని విన్నవాళ్లందరూ గుర్తొచ్చారు. ఇదంతా చాదస్తమని జనాన్ని తిట్టుకున్నదాన్ని నేనే. పాప మొహం చూస్తే నాకూ భయమేసింది.

"నువ్వే పాడు" అన్నాను.

"నాకేం పాటలొచ్చే?"

"ఏదో ఒకటి పాడు. దీనికి నా గొంతు వద్దు."

పాప ఏడుస్తూనే ఉంది. నేను నోరు గట్టిగా మూసుకుని, దాన్ని ఊపుతూ కూర్చున్నాను.