తుమ్ముతూ తుమ్ముతూ సాగర్‌కి

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో మా ఇంట్లో బయల్దేరడం ఒకటి, వెళ్ళడం ఇంకొకటి. వర్జ్యం, పిల్లి, ఎదురొచ్చే మనిషి, తుమ్ము, ఇన్ని గండాలు దాటి గుమ్మం దిగితే అది బయల్దేరడం. ఆ తర్వాత మిగిలిన ఓపికతో చేసేది వెళ్ళడం. ఇప్పుడు మా పిల్లలు ఫోను మీద వేలు కదిపితే కారు వాకిట్లోకి వస్తుంది, ఎక్కి కూర్చుంటారు, ఎవరు తుమ్మారో ఎవరికీ పట్టదు. హాయిగానే ఉంది, కాదనను. కానీ సగం కథ గుమ్మంలోనే నడిచిన ప్రయాణాలు చేసినదాన్ని కదా, నాకు మాత్రం ఇప్పటి ప్రయాణాల్లో ఉప్పు కాస్త తగ్గినట్టే ఉంటుంది. (ఉప్పు సంగతి సరే, నేను చెప్పబోయే ప్రయాణంలో కారానికి మాత్రం ఏ లోటూ లేదు.)

మా నాన్నకి అక్క, అంటే నా మేనత్త, అద్దంకి దగ్గర పల్లెటూళ్ళో ఉండేది. ఊరందరికీ ఆవిడ కాలవత్త. సాగర్ కాలవ చివరాఖర్న, నీళ్ళొస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు ఉండే చోట ఆవిడ పొలం. మావయ్య పోయాక మిరప, పత్తి అన్నీ ఆవిడే చూసుకునేది. కాలవకి నీళ్ళు వదిలారని తెలిస్తే చాలు, చీర కుచ్చిళ్ళు ఎగదోపి గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళి, ఎగువ వాళ్ళు అడ్డం వేసిన రాళ్ళూ గోనెసంచులూ పీకించి, ఆ నీళ్ళని దాదాపు చెయ్యి పట్టుకుని తన చేలోకి తెచ్చుకునేది. "ఎవడ్రా ఆ తూముకాడ?" అని ఆవిడ ఒక్క కేక వేస్తే, ఏ తప్పూ చెయ్యనివాడు కూడా లేచి నిలబడేవాడట. ఆవిడంటే నాకు భయం ఉండేది, అంతకు రెట్టింపు గర్వం ఉండేది. అంత మనిషికీ తీరని కోరిక ఒక్కటే. "పెళ్ళయి వచ్చిన కాణ్ణుంచీ ఈ నీళ్ళ కోసమే కొట్లాడతన్నా. ఇయ్యి ఎక్కడ్నుంచి వస్తయ్యో ఒక్కసారన్నా కళ్ళారా చూడొద్దంటే?" అనేది వచ్చినప్పుడల్లా.

ఆ సంవత్సరం ఆగస్టు పదిహేను శుక్రవారం వచ్చింది. శని, ఆదివారాలు కలిపితే మూడు రోజుల సెలవు. చాలా ఏళ్ళ తర్వాత సాగర్ నిండి గేట్లు ఎత్తారు. టీవీలో ఆ తెల్లటి నురగ చూపిస్తుంటే మా బాబాయి ఉండబట్టలేక అక్కకి ఫోన్ చేశాడు. ఆవిడ గురువారం సాయంత్రానికల్లా చేతిసంచీతో, పులిహోర డబ్బాతో గుంటూరులో బస్సు దిగింది. మొదట కోటప్పకొండ, తర్వాత ఎత్తిపోతల జలపాతం, సాయంత్రానికి సాగర్, రాత్రికి అక్కడే మకాం అని మా నాన్న పథకం వేశాడు. పొద్దున్నే వార్తల్లో మాత్రం ఎగువ నుంచి వరద తగ్గిందనీ, ఇవాళ సాయంత్రానికి గేట్లు దించేయవచ్చనీ చెప్పారు. కృష్ణకి మళ్ళీ అంత నీరు ఏ సంవత్సరం వస్తుందో ఎవరికి తెలుసు? అందుకని పెందరాళే బయల్దేరాలని అందరం గట్టిగా అనుకున్నాం.

బాబాయిది మిరపకాయల వ్యాపారం. రైతుల కాయని గుంటూరు మిర్చి యార్డులో కొనేవాళ్ళకి చూపించి అమ్మిపెట్టడం ఆయన పని. అప్పుడే ఒక పాత కారు కొన్నాడు. కారు పాతదే కానీ అందులో ఏసీ ఉంది. కొందరు కొడుకు ర్యాంకు గురించి చెప్పినట్టు ఆయన ఆ ఏసీ గురించి చెప్పేవాడు. ఆ రోజు కారు కడిగించి, పసుపు కుంకుమ పెట్టి, బ్రాడీపేటలో మా ఇంటి ముందు ఆపి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. అత్తయ్యని ముందు సీటులో కూర్చోబెట్టి, "అక్కా, సాగర్ దాకా చెమట పడితే నన్నడుగు" అని ఏసీ మీట తిప్పాడు. కారు కదిలింది. మా నాన్న తుమ్మాడు.

"ఆపరా!" అంది అత్తయ్య.

ఒంటి తుమ్ము అంటే ఆవిడకి మహా పట్టింపు. జంట తుమ్ములైతే శుభం, ఒంటి తుమ్మైతే దిగాల్సిందే. దిగాం. కాళ్ళు కడుక్కున్నాం, మంచినీళ్ళు తాగాం, వసారాలో కాసేపు కూర్చుని మళ్ళీ ఎక్కాం. ఏసీ తిరిగింది. ఈసారి మా అమ్మ. కొంగు నోట్లో కుక్కుకుని ఆపబోయింది కానీ అది చెవుల్లోంచి వచ్చినంత పని చేసింది. మళ్ళీ దిగాం. మూడోసారి నాన్న తుమ్మగానే, "ఏమే మేనకోడలా, నువ్వో తుమ్ము తుమ్మవే, జంటయిపోద్ది" అంది అత్తయ్య. నేను బుద్ధిగా తుమ్మాను. "హమ్మయ్య, పోనీరా" అని ఆవిడ అనేలోపు నాకు ఇంకొకటి వచ్చింది. ఇలా మేం సరిసంఖ్య దగ్గర నిలబడలేక, బేసిసంఖ్య దగ్గర బయల్దేరలేక ఎక్కుతూ దిగుతూ ఉంటే, ఎదురింటి మేడ మీద జనం కాఫీలు తెచ్చుకుని మరీ చూడసాగారు. "ఏమండీ, వెళ్ళొచ్చారా అప్పుడే?" అని ఒకాయన అడిగాడు కూడా.

అప్పట్లో నేను ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పేదాన్ని. ఆ పొగరు కొంచెం ఉండేది. "అత్తయ్యా, తుమ్ముకీ ప్రయాణానికీ సంబంధం లేదు. ముక్కులో సన్నటి పొరని ఏదైనా గిల్లితే..." అని మొదలుపెట్టి, సరిగ్గా ఆ మాట దగ్గరే వరసగా మూడు తుమ్మి, పాఠం పూర్తి చెయ్యలేకపోయాను. "నీ ముక్కుని గిల్లింది ఎవరే మరి?" అంది ఆవిడ. ఆ ప్రశ్న నేను కదా వేసుకోవాల్సింది! వేసుకోలేదు. ఎండ నడినెత్తికి వస్తోంది. సాగర్ దగ్గర గేట్లు మా కోసం ఎత్తి ఉంచరు కదా అని బాబాయి గొణుగుతున్నాడు. ఆఖరికి అత్తయ్య కారు దిగి, వసారాలో చతికిలపడి, "ఇయ్యాళ ఒద్దురా. ఇన్నిసార్లు అడ్డం చెప్పిందంటే రాసిపెట్టిలేదు. నా మొహానికి చివరి నీళ్ళే గానీ మొదటి నీళ్ళు లేవు" అంది.

ఎప్పుడూ కేకలు వేసే మనిషి ఆ మాట నెమ్మదిగా అంది. ఆవిడ శకునాలకి నేను నవ్వేదాన్ని గానీ, అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. వాన ఆవిడ చేతిలో లేదు, కాలవ ఆవిడ చేతిలో లేదు, పండిన కాయకి ధర అసలే లేదు. వీటి మధ్య ఒక్కతే సేద్యం చేసే మనిషి తుమ్ముని పట్టించుకుందంటే, పట్టించుకోవడానికి ఆవిడకి దొరికింది అదొక్కటే.

ఆవిడ సంచీ తెద్దామని కారు దగ్గరికి వెళ్ళాను. ఇంజను ఇంకా ఆపలేదు, ఏసీ గాలి జోరుగా వస్తోంది. ముందు సీటు మీదికి వంగానో లేదో కళ్ళల్లో నీళ్ళు తిరిగి, తుమ్ములు ఆగలేదు. తెల్ల రుమాలుతో మొహం తుడుచుకుంటే రుమాలు మీద ఎర్రగా మరకలు. గాలి వచ్చే జల్లెడ మీద వేలు పెట్టి రాసి, నాలుక మీద పెట్టుకున్నాను. (ఎంత చదివినా పుట్టిన ఊరి బుద్ధి పోదు.) మరుక్షణం "కారం! కారం!" అని కేకలు వేస్తూ నీళ్ళ చెంబు కోసం పరుగెత్తాను. జరిగిందేమిటంటే, మా బాబాయి ఆ కారులో నెల రోజులుగా మిరపకాయల మచ్చు సంచులు వేసుకుని యార్డు చుట్టూ తిరుగుతున్నాడు. ఆ దుమ్మంతా ఏసీ గొట్టాల్లో చేరింది. ఆయనకి యార్డులో, అత్తయ్యకి కల్లంలో ఆ ఘాటు ఎప్పుడో ఊపిరిలో కలిసిపోయింది కనక వాళ్ళిద్దరికీ చీమ కుట్టినట్టయినా లేదు. మిగతా ముగ్గురం మాత్రం చల్లటి గాలిలో మిరపపొడి పీల్చుకుంటూ కూర్చున్నాం.

అత్తయ్య లేచి వచ్చింది. జల్లెడ మీద వేలు రాసి, ఆ పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "ఎవరి కాయరా ఇది?" అంది.

బాబాయి నసిగాడు. "నీదే అక్కా. కోల్డ్ స్టోరేజీ నుంచి తీయించిన మచ్చు. రోజూ తిప్పుతూనే ఉన్నా. చూసినోడల్లా రంగు బాగుంది, ఘాటు లేదంటన్నాడు. నీకు చెబితే బాధపడతావని చెప్పలా."

"ఘాటు లేదన్నాడా?"

ఆవిడ మా వైపు తిరిగింది. మా నాన్న ముక్కు పండు మిరపకాయలా ఉంది. మా అమ్మ కళ్ళు వాచి, పుట్టింట్లో ఏదో జరిగినదానిలా ఉంది. నేను చెంబులో నాలుక ముంచుకుని నిలబడ్డాను. మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ అలా చూస్తుంటే అత్తయ్య మొహం మెల్లగా వెలిగింది. "ఘాటు లేదన్నోణ్ణి తీసుకొచ్చి ఈ కారులో ఓ గంట కూర్చోబెట్టకపోయావంట్రా! నా కాయకి తుమ్మితే అది అపశకునం ఎట్టా అవుద్ది? నా కాయ నన్ను సాగనంపినట్టు. ఎక్కండి, ఎక్కండి!"

ఏసీ ఆపి అద్దాలు దించుకుని బయల్దేరాం. (బాబాయి మొహం మాత్రం చాలాదూరం దాకా మామూలు కాలేదు.) సీట్లలో ఇంకా దుమ్ము ఉండనే ఉంది, తుమ్ములు వస్తూనే ఉన్నాయి. కానీ ఇప్పుడు ఎవరు తుమ్మినా అత్తయ్య "అద్దీ!" అని తొడ చరుస్తోంది. నరసరావుపేట దాటాక కోటప్పకొండ కనిపిస్తే, దిగడానికి సమయం లేదని కారులోంచే దణ్ణం పెట్టించింది. "ఆయనకి మనం కనపడతాంలే, పోనీ" అంది. మాచర్లలో టీ అందించడానికి కిటికీలోకి వంగిన హోటలతను గట్టిగా తుమ్మితే, "ఘాటు ఉన్నట్టా లేనట్టా, నువ్వు చెప్పు బాబూ" అని సాక్ష్యం అడిగింది. అతను కళ్ళు తుడుచుకుంటూ, "సాగర్‌కా అమ్మా? తొందరగా పోండి. గేట్లు దించేస్తన్నారంట" అన్నాడు. దాంతో ఎత్తిపోతల కూడా అద్దంలోంచి వెనక్కి పోయింది. మా అమ్మ ఆ మలుపు వైపు చాలాసేపు తిరిగి చూసింది.

మేం వంతెన మీదికి పరుగెత్తేసరికి పొద్దు వాలుతోంది. అన్ని గేట్లూ దించేశారు, ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కదాని కిందనుంచి నీళ్ళు ఎగిరి దూకుతున్న చప్పుడుకి మా మాటలు మాకు వినపడలేదు. తుంపర మొహం మీద పడుతోంది. అత్తయ్య కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. ఎంతో సేపటికి, "ఇన్ని నీళ్ళా!" అంది. ఆ తర్వాత, "ఇయ్యి ఎటు పోతయ్యిరా?" అని నాన్నని అడిగింది. "కిందికి పోయి, చివరికి సముద్రంలో కలుస్తయ్యి అక్కయ్యా" అన్నాడు నాన్న. ఆవిడ మొహంలో రంగు మారింది. "సముద్రానికెందుకురా? దానికేం తక్కువైంది?" అని, తూముకాడ వేసే అదే గొంతుతో, ఆ హోరుని మించి కేక వేసింది. చుట్టుపక్కల ఫోటోలు తీసుకుంటున్న వాళ్ళందరూ ఉలిక్కిపడి చూశారు.

అంతలో ఆ చివరి గేటు కూడా కదిలింది. నురగ సన్నబడుతోంది. జనమంతా ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. వాళ్ళందరికంటే గట్టిగా అన్నది నేనే. పొద్దుటినుంచీ పడ్డ పాట్లు, వసారాలో ఆవిడ అన్న మాట గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. (ఈసారి కారానికి కాదు.) "ఇంకాస్త ముందు వచ్చుంటే ఎంత బాగుండేదో అత్తయ్యా" అని ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. ఆ చేతులు నాకు దొరకలేదు. అవి రెండూ జోడించి ఉన్నాయి. తగ్గిపోతున్న ఆ నీళ్ళకేసి చూస్తూ, కళ్ళు మెరుస్తుండగా, "దించండి నాయనా, దించండి. బాగా బిగించి దించండి. ఒక్క చుక్క బయటికి పోనీకండి" అంటోంది మా కాలవత్త. గేటు పూర్తిగా దిగాక, అందరూ ఉసూరుమంటూ వెనక్కి మళ్ళుతుంటే, ఆ ఒక్క మనిషి మాత్రం వేలాది తలల మధ్య నవ్వుతూ నిలబడింది.

చీకటి పడకముందే మమ్మల్ని ఆనకట్ట ఆవలి వైపు తీసుకెళ్ళమంది. అక్కడ ఏ హోరూ లేదు, చూడ్డానికి ఒక్కరూ లేరు. కనుచూపు మేర నిండుగా, కదలకుండా ఉన్న నీళ్ళు. నిండిన గాదెని చూసుకున్నట్టు ఆవిడ ఆ నీళ్ళని చూసుకుంది. "ఇదిరా నేను చూడాలనుకుంది" అని పులిహోర డబ్బా మూత తీసింది. అంతకన్నా అందమైన చోట్లు నేను తర్వాత చాలా చూసి ఉంటాను, అంత అందంగా చూసే మనిషిని మాత్రం చూడలేదు.

ఇప్పటికీ వరదలొచ్చిన ఏడాది టీవీలో సాగర్ గేట్లు ఎత్తడం చూపిస్తే మా ఇంట్లో పిల్లలందరూ చుట్టూ చేరతారు. నేను వంటింట్లోంచి రాను. నాలుగు రోజుల తర్వాత ఏ మూలనో, గేట్లు దించేశారని ఒక్క ముక్క వార్త వస్తుంది చూడండి, అప్పుడు నాకు తెలియకుండానే చేతులు జోడిస్తాను. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుతారు. ఆ వంతెన మీద అంత గట్టిగా "అయ్యో" అన్న జువాలజీ పంతులమ్మని తలుచుకుని, వాళ్ళతో పాటు నేనూ నవ్వుతాను.