ప్రాసెసరు మీద పూత

పోయిన నెల నా పాత లాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతుంటే బందరులో బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. అతను దాన్ని విప్పి ప్రాసెసరు మీద బూడిదరంగు పేస్టు పిండుతుంటే, చుక్క పెడతారా, గీత గీస్తారా, మొత్తం పులుముతారా అని ఆత్రంగా అడిగాను. "ఎలా రాసినా ఒకటేనండి" అన్నాడు తలెత్తకుండా. ఇంటికి వచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. ఎలా రాసినా ఒకటే అయితే, నాగాయలంకలో నేను పడ్డ అవస్థకి అర్థమేమిటి? ఆ పేస్టు గురించి తల బద్దలు కొట్టుకున్న మా బోటివాళ్ళం క్రమంగా తగ్గిపోతున్నాం, పైగా ఆ వ్యవహారంలో నేను ఇన్నాళ్ళూ ఒప్పుకోని సంగతి ఒకటుంది, అందుకని ఇది రాసి పెడుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గుడివాడలో కంప్యూటర్లు బిగించి అమ్మే దుకాణంలో పనిచేసేదాన్ని. ఏ కోర్సూ చదవలేదు. బందరు గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకాలూ నిఘంటువూ పక్కపక్కన పెట్టుకుని నేర్చుకున్నాను, ఆ గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. మీకూ గుర్తుండే ఉంటుంది, ప్రాసెసరు పని చేస్తున్నంతసేపూ వేడెక్కుతుంది కాబట్టి దాని మీద ఒక అల్యూమినియం దిమ్మ, దిమ్మ మీద ఒక ఫ్యాను ఉండేవి; దిమ్మకీ ప్రాసెసరుకీ మధ్య కంటికి ఆనని సందుల్ని పూడ్చడానికే ఆ పేస్టు. ఇంతవరకూ పుస్తకాలన్నీ ఒకే మాట మీద ఉండేవి. ఎంత రాయాలి, ఎలా రాయాలి అనే దగ్గర విడిపోయేవి. ఒకటి బియ్యపు గింజంత చుక్క చాలనేది, ఒకటి ఇంటూ గుర్తులా గీయమనేది, ఇంకొకటి అంచులదాకా పరవమనేది. బియ్యపు గింజంటే స్వర్ణో సన్నాలో చెప్పలేదు. రాసినాయన డెల్టా మొహం చూసినట్టు లేదు.

ఆ ఏడు ఎండలు మొదలయ్యాక నాగాయలంక నుంచి మా పెద్దమ్మ కూతురు కబురు పెట్టింది. అక్క తన ఇంటి ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని శుభలేఖలూ కరపత్రాలూ కూర్చేది. వాళ్ళ పాస్టరు గారు, దివిసీమ పల్లెల్లో ముసలమ్మలు పాడుకునే పాత కీర్తనలన్నీ పోగుచేసి, ఈస్టరుకి పుస్తకంగా తేవాలని ఆ పని అక్కకి ఇచ్చారు. ఆమెకి అదే మొదటి పెద్ద పని. పుస్తకం వేళకి అందితే ముందుగది అక్కదే, అందకపోతే రొయ్యల మేత దుకాణానికి ఇచ్చేద్దామని బావ తేల్చి చెప్పేశాడు. పేజీలు ప్రెస్సుకి వెళ్ళడానికి పది రోజులుందనగా కంప్యూటరు పావుగంటకోసారి దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టింది.

దుకాణానికి సెలవు పెట్టి, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా బస్సులో వెళ్ళి మూత విప్పితే, పాత పేస్టు ఎండి పెచ్చులు కట్టి ఉంది. రోగం దొరికిందని మహా సంబరపడ్డాను. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడుతుందని నాకు నేనే తీర్మానించుకుని, మట్టి అరుగు అలికినట్టు ఒత్తుగా పులిమి బిగించాను. అక్క రెండు కీర్తనలు కొట్టేలోపు ఆగిపోయింది. అంతా తుడిచి బియ్యపు గింజంత పెడితే ఇరవై నిమిషాలు నడిచింది. అదే చుక్క, వేలు కూడా పెట్టకుండా, మర్నాడు పొద్దున నలభై నిమిషాలు నడిచి, మధ్యాహ్నం పది నిమిషాలకే పడిపోయింది. ఇంటూ గుర్తు గీశాను, నిలువు గీత గీశాను, చుట్టూ నాలుగు చుక్కలు పెట్టాను. వేళలూ నిమిషాలూ నోటుబుక్కులో రాసుకున్నాను గానీ, చూసినకొద్దీ ఏ పద్ధతి మంచిదో తేలకపోగా, చదివిందంతా తలలో ముద్దయిపోయింది.

అక్క అత్తగారు, నేను కూడా అత్తయ్య అనే పిలిచేదాన్ని, గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఇదంతా చూసేవారు. "ఏమ్మా, దానికేమన్నా మోకాళ్ళ నొప్పులా, పూటకోసారి మందు రాస్తావు?" అన్నారు. అక్క నవ్వలేదు. "నీ పుస్తకాల్లో ఏముందో నాకొద్దే. ఇంకా నలభై పాటలున్నాయి, ఏదో ఒకటి తేల్చు" అంది.

నాలుగు రోజులు మిగిలాయనగా కొత్త పేస్టు కోసం బందరు వెళ్ళి, రోల్డుగోల్డు నగలకి పూత వేసే మా బాబాయితో గోడు చెప్పుకున్నాను. ఆయనకి కంప్యూటరు సంగతి తెలియదు. పూత పల్చగా, కింద లోహం మసగ్గా కనపడేటంత ఉండాలని మాత్రం చెప్పాడు. తిరిగి వెళ్ళి, గ్రంథాలయం కార్డు అంచుతో పొరలాగా లాగి బిగించాను. కంప్యూటరు సాయంత్రం దాకా ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. నలభై పాటలూ పూర్తయ్యాయి. అక్క నన్ను కావలించుకుంది. ప్రెస్సువాళ్ళు కూడా వేళకి ఇచ్చారు, ముందుగది అక్కకే ఉండిపోయింది.

పేజీలు పంపిన రోజు పెరట్లోకి వెళ్తే, తీగ మీద కంప్యూటరు గుడ్డ, ఎప్పుడో ఆరిపోయి, ఇంకా వేలాడుతోంది. ఉప్పుగాలి తగలకూడదని అత్తయ్య ఆ ఎండలు మొదలయ్యాకే, చుట్టూ లేసు వేసి కుట్టి, డబ్బాకి నిండా తొడిగారు. నేను పూత మార్చిన ప్రతిసారీ, పెద్దావిడ కుట్టిందన్న మర్యాద కొద్దీ, ఆ గుడ్డని మళ్ళీ జాగ్రత్తగా తొడిగేదాన్ని, వెనక గాలి పోయే చిల్లులు కూడా మూసుకుపోయేలా. నేను బందరు వెళ్ళినప్పుడే ఆవిడ దాన్ని ఈస్టరుకని ఉతికి గంజి పెట్టారట. తిరిగొచ్చిన హడావుడిలో గుడ్డ లేదని నేను చూసుకోనేలేదు. పనిచేసింది పల్చటి పూతా, గుడ్డ లేకపోవడమా? మళ్ళీ తొడిగి ఒక గంట నడిపితే తేలిపోయేది. నేను నడపలేదు. "ఇది టీవీ మీదకైతే బాగుంటుంది అత్తయ్యా" అన్నాను, అంతే.

ఇప్పుడు ఏదైనా తెలియకపోతే ఫోనులో అరనిమిషంలో పది జవాబులు దొరుకుతాయి, లేదంటే వస్తువునే మార్చేస్తారు. ఒక తెలియనితనం చుట్టూ ఇంటిల్లిపాదీ అన్ని రోజులు కూర్చోవడం ఇక ఉండదేమో. నాకు మాత్రం ఆ నోటుబుక్కు తెరిస్తే ఇప్పటికీ ఏమీ అర్థం కాదు.

కీర్తనల పుస్తకం చివరి పేజీలో పాస్టరు గారు నా పేరు వేసి కృతజ్ఞతలు చెప్పారు. నా తరఫున చెప్పవలసినవి మిగిలిపోయాయి. పూత నేర్పిన బాబాయి యేసురత్నానికి, ఓపిక పట్టిన అక్క సరోజినికి, గది వదిలిపెట్టిన బావ ప్రకాశానికి. ఆ పేజీలో చోటు దొరకని అత్తయ్య సుగుణమ్మ గారికి కూడా. ఆవిడ గుడ్డ ఉతికారు.