గంజి మీద విచ్చిన నక్షత్రం

మిర్యాలగూడలో భాగ్యకు మొండిదని పేరు. ఆ పేరు పెట్టింది అత్త అన్నమ్మే. పెట్టి ఊరుకోక వాడంతా చెప్పుకుంది కూడా. అందులో సగం ఫిర్యాదు, సగం మురిపెం.

ఏటా క్రిస్మస్‌కు చర్చి మీద కట్టే పెద్ద కాగితపు నక్షత్రాన్ని సంఘపెద్ద దానియేలు కోదాడ నుంచి కొని తెచ్చేవాడు. ఈసారి తానే చేస్తానని భాగ్య అందరి ముందూ మాట ఇచ్చేసింది. నీళ్ల మీద రంగులు తేల్చి, ఆ అలలను కాగితానికి ఎత్తుతుందట. ఫోన్లో చూసిన పని. నవ్వేవాళ్లు నవ్వారు.

నవ్వడానికి తగ్గట్టే మొదలైంది మరి. తలుపులకు వేసే రంగును టర్పెంటాయిలుతో పలచన చేసి టబ్బులో చుక్కలేస్తే, కుదురుగా నిలవక అంచులకు పారిపోయాయి. నీళ్లు కాస్త చిక్కగా ఉండాలని ఆమెకు తట్టింది. బియ్యం మిల్లుల ఊళ్లో చిక్కటి నీళ్లకు కరువా? చీరలకు పెట్టే గంజి తెచ్చి పోసింది. రంగులు నిలిచాయి, పుల్లతో గీసిన వైపల్లా వంపు తిరిగాయి. కానీ వాటి మీద పరిచి ఎత్తిన కాగితం ఆరాక రంగంతా పొరలుగా ఊడి ఒళ్లో రాలింది. భాగ్యకు ఏడుపొచ్చింది. పండుగ దగ్గర పడింది, ఇచ్చిన మాట పోతే చర్చిలో తలెట్లా ఎత్తుకోవాలి?

అన్నమ్మ టబ్బులోకి తొంగిచూసింది.

"గంజి సల్లారితె మీద మీగడ కడ్తది గదనే. నీ రంగు దానికే అంటుకుంటున్నది. ముందుగాల దాన్ని తియ్యి."

పాత పేపరు పరిచి లేపితే మీగడంతా దానితో వచ్చేసింది. ఆ తర్వాత వేసిన రంగు కాగితాన్ని వదల్లేదు. అత్తాకోడళ్లు ఇల్లంతా దండేలు కట్టి కాగితాలు ఆరేశారు.

తీరా వాటిని మడిచి అతికి నక్షత్రం చేసి చర్చికి తెస్తే దానియేలు మొహం చిట్లించాడు.

"గిదేందమ్మా, అంత మరకలే ఉన్నయి. జర ఆగు, కోదాడకు ఫోన్ చేస్త."

"లోపల బల్బు పెట్టి సూడుండ్రి పెద్దయ్యా. నచ్చకుంటె నేనే తీస్కపోత," అంది భాగ్య.

పొద్దుగూకాక బల్బు వేశారు. ఎరుపూ నీలమూ పసుపూ వెలుగులో కదిలినట్టయ్యాయి. దానియేలు దాన్ని చర్చి మీద కట్టడానికి తానే నిచ్చెన తెచ్చాడు.

పండుగనాడు కోదాడ నుంచి వచ్చిన ఒక చుట్టం తలెత్తి చూసి, "ఎక్కడ కొన్నారండీ ఇది? మా ఊళ్లో ఎక్కడా చూళ్లేదే," అంది.

"యాడ దొర్కుతదమ్మా," అన్నాడు దానియేలు, నలుగురికీ వినబడేలా. "మా భాగ్య చేసింది."

భాగ్య పక్కనే ఉంది. సిగ్గుపడి తల దించుకోలేదు.